జాబితాలో కొట్టేసిన పేరు

2015 నవంబర్ నెలాఖరు. సౌదీ అరేబియా తూర్పు తీరంలోని ఖతీఫ్‌లో మున్సిపల్ ఎన్నికల ప్రచారానికి వేళయింది. ఆ దేశంలో ఆడవాళ్లు ఓటెయ్యడం, పోటీకి నిలబడడం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడు అభ్యర్థుల జాబితాలోంచి ఒక పేరు కొట్టేశారు. ఆ పేరు నసీమా అల్ సాదా. ఆ రోజు రావాలని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగిన కొద్దిమంది ఆడవాళ్లలో ఆమె ఒకరు. రోజు వచ్చింది. ఓటు వచ్చింది. ఆమె పేరు మాత్రం బ్యాలెట్ మీదికి రాలేదు.

ఒక సంఘాన్నో ఉద్యమాన్నో మొదలుపెట్టిన ఆడవాళ్ల పేర్లు తర్వాతి తరాలకు ఎలా చేరతాయి? ఈ కథనమంతా ఆ ప్రశ్న చుట్టూనే. దీనికి ఖతీఫ్‌లో ఒక జవాబుంది, అమెరికాలో ఒకటుంది, మన వాల్తేరులో మరొకటుంది.

ముందు అమెరికా సంగతి చెప్పుకుందాం. అక్కడి కాలేజీల్లో అమ్మాయిలు కలిసి పెట్టుకునే సంఘాలను సొరోరిటీ అంటారు. గ్రీకు అక్షరాలతో పేరు, సొంత రంగులు, ఒకరినొకరు అక్కాచెల్లెళ్లుగా పిలుచుకోవడం అక్కడి ఆనవాయితీ. అమెరికాలో చదువుకునే మన పిల్లలకి ఇది కొత్త కాదు. 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అమ్మాయిలు తమకంటూ ఒక సొరోరిటీని పెట్టుకున్నారు కూడా. కమలా హారిస్ హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆల్ఫా కాపా ఆల్ఫా 1908లో పుట్టింది. నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న తొలి సొరోరిటీ అది. ఐదేళ్లకు, 1913 జనవరిలో, అదే హోవర్డ్‌లో 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటాను స్థాపించారు.

ఆ 22 మంది సంఘం పెట్టి రెండు నెలలు కూడా కాకుండానే వాషింగ్టన్ నడివీధిలోకి వెళ్లారు. 1913 మార్చి 3న ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని పెద్ద ఊరేగింపు జరిగింది. నల్లవాళ్లు తమతో నడవడం ఇష్టంలేని తెల్ల మహిళలు ఎందరో ఆ ఊరేగింపులోనే ఉన్నారు. దారి పొడవునా మూకలు తోసేశాయి, బూతులు తిట్టాయి. అయినా హోవర్డ్ అమ్మాయిలు తమ జెండా పట్టుకుని నడిచారు. అలా వెళ్లడానికి కూడా వాళ్ల వెంట తోడుగా ఒక మగ ప్రొఫెసర్ రావాల్సి వచ్చింది. అప్పటి కట్టుబాటు అది. ఈ మగతోడు మాట గుర్తుంచుకోండి, ఖతీఫ్‌లో మళ్లీ వస్తుంది.

వాళ్లలో బెర్తా పిట్స్ క్యాంప్‌బెల్ అనే ఆమె 92 ఏళ్ల వయసులో, 1981లో, మళ్లీ అదే పెన్సిల్వేనియా అవెన్యూలో నడిచారు. ఈసారి ఆమె వెనుక వేలమంది డెల్టాలున్నారు. ఇప్పటికీ ఆ సంఘంలో చేరే అమ్మాయి ముందు ఆ 22 పేర్లూ కంఠతా పట్టాలి. చూసేవాళ్లకు ఇది తంతులా కనిపించవచ్చు. నాకు మాత్రం అమెరికా సొరోరిటీల నుంచి నేర్చుకోదగ్గది ఏదైనా ఉందంటే అది ఇదే అనిపిస్తుంది. ఏ చరిత్రకారుడో వచ్చి రాస్తాడని వాళ్లు ఎదురుచూడలేదు. తమను కన్నవాళ్ల పేర్లు తామే మోస్తున్నారు.

ఇక ఖతీఫ్‌కు వద్దాం. దమ్మాం నుంచి ఉత్తరంగా కారులో బయల్దేరితే అరగంట లోపే వచ్చే ఒయాసిస్సు అది. వేల ఏళ్లుగా ఖర్జూర తోటలు, ఊటబావులు, ముత్యాల వేటతో బతికిన నేల. పక్కనే తారూత్ దీవి, దాని మధ్య పాత దిబ్బ మీద కోట. గురువారం సంతకు పెద్ద పేరు. మల్లెపూలు, ఒకరకం తులసి కలిపి కట్టిన చిన్న గుత్తులను అక్కడి ఆడవాళ్లు పెళ్లిళ్లకీ పండగలకీ తలలో పెట్టుకుంటారు. దేశమంతా సున్నీలు ఎక్కువగా ఉంటే ఖతీఫ్‌లో షియాలు ఎక్కువ. 1938లో దహ్రాన్ దగ్గర చమురు పడ్డాక సంపద పక్కనే పొంగింది కానీ, వివక్ష మాత్రం పోలేదని ఆ ఊరివాళ్ల బాధ. 1979లోనూ, మళ్లీ 2011 నుంచీ, అక్కడి వీధుల్లో నిరసనలు రేగాయి. కాల్పులు, అరెస్టులు జరిగాయి.

మనవాళ్లకు ఈ తీరం కొత్తదేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప నుంచి వెళ్లినవాళ్లు దమ్మాం, జుబైల్, ఖోబర్‌లలో తరాలుగా పనిచేస్తున్నారు. జీతం, వీసా, ఇఖామా (నివాస అనుమతి), కఫీల్ (పూచీ ఉండే యజమాని) మాటలు మన పల్లెల్లో పిల్లలకు కూడా వచ్చు. ఇంతమంది మనుషులు ఇన్నేళ్లు వెళ్లొచ్చిన ఆ తీరంలో నల్లటి అబాయాల వెనక ఎంత పోరాటం నడిచిందో మాత్రం మన పత్రికల్లో పెద్దగా కనబడదు. ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది.

ఖతీఫ్‌లో గ్రీకు అక్షరాల సొరోరిటీ లేదు. ఉండే వీలూ లేదు. సౌదీలో ఆడపిల్లల ప్రభుత్వ బడులే 1960లో మొదలయ్యాయి. వాటిని విద్యాశాఖకు కాకుండా మతపెద్దల అజమాయిషీలో ఉన్న ఒక ప్రత్యేక విభాగానికి అప్పగించారు. 2002 మార్చిలో మక్కాలోని ఒక బాలికల పాఠశాలలో మంటలు చెలరేగి 15 మంది అమ్మాయిలు చనిపోయాకే వాటిని విద్యాశాఖలో కలిపారు. ఆడవాళ్లకు తొలి ప్రభుత్వ కళాశాల 1970లో రియాద్‌లో వచ్చింది. తర్వాత తూర్పు తీరానికీ కాలేజీలు వచ్చాయి. చదువు వచ్చింది గానీ సంఘం పెట్టుకునే హక్కు రాలేదు. విద్యార్థి సంఘాలు, రాజకీయ పార్టీలు, కార్మిక సంఘాలు అక్కడ నిషిద్ధం. 2015 చివరిదాకా ఎవరైనా సంస్థ రిజిస్టర్ చేయించుకోవాలంటే అది ధార్మిక సంస్థ అయి ఉండాలి. పేదలకు బియ్యం పంచుతామంటే సరే. హక్కుల గురించి మాట్లాడతామంటే కుదరదు.

కాబట్టి కాలేజీలో కలిసిన ఆడవాళ్లు కాలేజీ బయట, పేరూ బోర్డూ లేకుండా చేతులు కలిపారు. దీనికి పాత ఆనవాలు 1990లో ఉంది. ఆ ఏడాది నవంబర్ 6న రియాద్‌లో 47 మంది స్త్రీలు డ్రైవర్లను దించేసి తామే కార్లు నడిపారు. వాళ్లలో విశ్వవిద్యాలయ అధ్యాపకులు, స్కూలు టీచర్లు చాలామంది. ఉద్యోగాల నుంచి తప్పించారు, పాస్‌పోర్టులు లాక్కున్నారు, మసీదుల్లో పేర్లు చదివి తిట్టారు. తూర్పు ప్రావిన్స్‌కు చెందిన ఆయిషా అల్ మానా ఆ 47 మందిలో ఒకరు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చిన మనిషి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ రోజు గురించి తోటి మహిళతో కలిసి పుస్తకం కూడా రాశారు. పేర్లు పోకూడదనే కదా ఆ తాపత్రయం.

2011లో కథ ఓటు వైపు తిరిగింది. ఆ ఏడాది మగవాళ్లకు మున్సిపల్ ఎన్నికలు ప్రకటించారు. అప్పుడు బలదీ అనే పిలుపుతో ఒక ప్రచారం మొదలైంది. రియాద్‌లో చరిత్రకారిణి హతూన్ అల్ ఫాసీ, తూర్పు ప్రావిన్స్‌లో ఫౌజియా అల్ హానీ ముందు నిలిచారు. ఆడవాళ్లు ఓటెయ్యకూడదని సౌదీ చట్టంలో ఎక్కడా రాయలేదన్నది ఫౌజియా వాదన. వాదన సూటిది. రాయనిదాన్ని నిషేధం అంటే ఎలా? ఏప్రిల్‌లో జెడ్డా, రియాద్, దమ్మాంలలో ఆడవాళ్లు గుంపులుగా ఓటర్ల నమోదు కేంద్రాలకు వెళ్లి పేరు రాయమన్నారు. రాయలేదు. తిరిగి వచ్చారు. సెప్టెంబర్ 25న రాజు అబ్దుల్లా స్వయంగా ప్రకటించారు: వచ్చే మున్సిపల్ ఎన్నికల నుంచి స్త్రీలు ఓటేయవచ్చు, పోటీ చేయవచ్చు. నాలుగు రోజులకు మగవాళ్లు మాత్రమే ఓట్లేశారు. ఆడవాళ్లకు నాలుగేళ్ల గడువు దొరికింది.

అదే 2011లో ఖతీఫ్ ప్రాంతంలో మరో ప్రయత్నం జరిగింది. వీధుల్లో అరెస్టులు ఎక్కువైన రోజులవి. ఎవరిని పట్టుకెళ్లారు, ఎక్కడ పెట్టారు, వకీలు దొరికాడా అని అడిగే దిక్కు ఉండాలని కొందరు అదాలా అనే మానవ హక్కుల కేంద్రం పెట్టారు. మగవాళ్లతో పాటు నసీమా అల్ సాదా దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ప్రభుత్వం రిజిస్టర్ చెయ్యనంది. కోర్టుకు వెళ్లారు, ఓడిపోయారు. ఆడవాళ్ల డ్రైవింగ్ నిషేధాన్ని కోర్టులో సవాలు చేసిన కొద్దిమందిలోనూ నసీమా ఉన్నారు. 1974లో పుట్టిన ఆమెకు అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. పిల్లల తల్లి. పత్రికలకు వ్యాసాలు రాసేవారు.

2015 వచ్చింది. ఓటు హక్కు కాగితం మీద ఉంది. ఆ కాగితం నుంచి పోలింగ్ పెట్టెదాకా ఒక ఆడమనిషి ఎలా వెళ్లాలో కాస్త దగ్గరగా చూడాలి. ఓటర్ల నమోదు ఆగస్టు 22 నుంచి మూడు వారాలు. ముందు ఆ కేంద్రానికి చేరాలి. కారు నడపకూడదు కాబట్టి భర్తో, తమ్ముడో, జీతమిచ్చి పెట్టుకున్న డ్రైవరో తీసుకెళ్లాలి. ఆడవాళ్ల కేంద్రాలు తక్కువ. చేరాక గుర్తింపు కార్డు చూపాలి. అక్కడితో అవదు, ఈ వార్డులోనే ఉంటున్నానని రుజువు చూపాలి. ఇంటి దస్తావేజు తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. అద్దె కాగితం మీద కూడా ఆయన పేరే. కరెంటు బిల్లు కూడా అంతే. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో వంట చేసి, పిల్లల్ని పెంచి, పక్కింటివాళ్ల చావుకీ పెళ్లికీ నిలబడిన ఆడమనిషి తాను అక్కడే ఉంటున్నానని రుజువు చేసుకోవడానికి మగవాడి కాగితం తెచ్చుకోవాలి. మన ఊళ్లలో రేషన్ కార్డులో పేరు ఎక్కించుకోవడానికి తిరిగిన ఆడవాళ్లకు ఈ బాధ ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

కొత్త అభ్యర్థులకు, ఓటర్లకు శిక్షణ ఇద్దామని బలదీ మహిళలు తరగతులు ఏర్పాటు చేసుకుంటే మంత్రిత్వ శాఖ ఆపించింది. ప్రచారంలో ఆడ అభ్యర్థి మగ ఓటర్లతో నేరుగా మాట్లాడకూడదు. తెర వెనక నుంచి మాట్లాడాలి, లేదా తన తరఫున ఒక మగవాణ్ణి పంపాలి. ఫొటో వేసుకోకూడదు. ఈ ఫొటో నిషేధం మగ అభ్యర్థులకూ ఉందని నిష్పక్షపాతం చూపించారు గానీ, ముఖం ఎప్పుడూ జనంలోనే ఉన్నవాడికీ, కొత్తగా జనం ముందుకొస్తున్న ఆడమనిషికీ అది ఒకేలా తగులుతుందా? మొత్తానికి దేశంలో సుమారు 1,30,000 మంది ఆడవాళ్లే ఓటర్లుగా నమోదయ్యారు. మగవాళ్లు 13.5 లక్షలు. అభ్యర్థుల్లో మగవాళ్లు 5,938 మంది, ఆడవాళ్లు 978 మంది.

ఆ 978లో నసీమా పేరు లేకుండా పోయింది. జాబితా నుంచి తొలగించిన ఇతరుల్లో రియాద్‌కు చెందిన లుజైన్ అల్ హత్‌లూల్, జెడ్డాకు చెందిన తమాదుర్ అల్ యామీ ఉన్నారు. కార్ల స్టీరింగ్ పట్టుకోవాలని అడిగినవాళ్లే, గొంతు విప్పి మాట్లాడినవాళ్లే ముగ్గురూ. నసీమా ఊరుకోలేదు. మళ్లీ కోర్టుకు వెళ్లారు. చిత్రమేమంటే సరిగ్గా ఆ ప్రచారం రోజుల్లోనే, నవంబర్ 30న, సౌదీ మంత్రిమండలి సంఘాల కొత్త చట్టాన్ని ఆమోదించింది. అదాలా వ్యవస్థాపకులు నాలుగేళ్ల కిందట అడిగినదానికి దారి అప్పుడు కాస్త తెరుచుకుంది.

డిసెంబర్ 12న ఓట్లు పడ్డాయి. దేశమంతటా 2,106 స్థానాలకు ఎన్నికలు జరిగితే ఆడవాళ్లు గెలిచినవి 20. అందులో ఒకటి ఖతీఫ్‌ది. గెలిచినామె ఖద్రా అల్ ముబారక్. అదే ప్రావిన్స్‌లోని అల్ అహ్సాలో సనా అల్ హమ్మామ్, మాసూమా అల్ రిదా గెలిచారు. నియోజకవర్గంలో ఓటర్లు అత్యధికం మగవాళ్లే అయినా, తెర వెనక నుంచి మాట్లాడి, ముఖం చూపించకుండా గెలవడం చిన్న విషయం కాదు. ఖద్రా గెలుపు వెనక నసీమా, ఫౌజియాలాంటివాళ్లు మోసిన బరువుందని నేను గట్టిగా నమ్ముతాను. గెలిచినవాళ్లకు ఇంకో పరీక్ష మిగిలింది. కొద్ది వారాలకే ఆడ సభ్యులు మగ సభ్యులతో ఒకే గదిలో కూర్చోకూడదని, వేరే గదిలో కూర్చుని తెర మీద చూస్తూ మాట్లాడాలని ఆదేశం వచ్చింది. వీధి దీపాలు, చెత్త బండ్లు, పార్కుల గురించి మాట్లాడటానికి ఇంత అడ్డు!

తర్వాతి కథ ఇంకా కష్టమైనది. 2018 జూన్ 24న సౌదీలో ఆడవాళ్లకు కార్లు నడిపే హక్కు వచ్చింది. ప్రపంచమంతా ఫొటోలు వేసింది, అందులో మన పత్రికలూ ఉన్నాయి. ఆ హక్కు అడిగినవాళ్లను అంతకుముందు నెలలోనే అరెస్టులు చెయ్యడం మొదలైంది. లుజైన్‌ను పట్టుకున్నారు. డెబ్బై ఏళ్లకు చేరువైన ఆయిషా అల్ మానాను కొద్దిరోజులు నిర్బంధించి వదిలేశారు. జూన్‌లో హతూన్ అల్ ఫాసీని తీసుకెళ్లారు. జూలై 30న ఖతీఫ్‌లో నసీమా అల్ సాదాను అరెస్టు చేశారు. దమ్మాం జైల్లో 2019 ఫిబ్రవరి నుంచి ఏడాది పాటు ఆమెను ఒంటరి గదిలో పెట్టారు. ఆ ఏడాది ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి. 2020 నవంబర్‌లో ఐదేళ్ల శిక్ష వేసి, అందులో రెండేళ్లు నిలిపివేశారు. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పిలుపుతో ప్రపంచం నలుమూలల నుంచి జనం ఆమె విడుదల కోరుతూ ఉత్తరాలు రాశారు. 2021 జూన్ 27న విడుదలయ్యారు, దేశం దాటకూడదన్న ఆంక్షతో.

ఒంటరి గది అన్నప్పుడు మనకు గుర్తురావాల్సిన పేరు ఒకటుంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, మదురై జైల్లో ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదుల పక్కన ఒంటరిగా గడిపారు. బయటకు వచ్చాక, ఇక చదువుకోవాలని పంతం పట్టారు. కాశీలో మెట్రిక్ పూర్తి చేసుకుని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ఆమెకు ఒక ఇబ్బంది చెప్పారు: ఇక్కడ ఆడపిల్లలు ఉండటానికి హాస్టల్ లేదు, సీటు ఎలా ఇవ్వను? రెడ్డిగారు ఆడచదువుకు వ్యతిరేకి కాదు. అయినా లేని హాస్టల్ ఒక గోడే. దుర్గాబాయి ఏం చేశారో ఆత్మకథలో రాసుకున్నారు. పత్రికల్లో ప్రకటన ఇచ్చారు, హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలుంటే తనకు రాయమని. రాశారు. పదిమంది దాకా కలిశారు. తామే ఒక ఇల్లు చూసుకుని హాస్టల్‌గా చేసుకున్నారు. విశ్వవిద్యాలయం సీట్లు ఇచ్చింది.

నా దృష్టిలో ఇది మన తెలుగు నేల మీద పుట్టిన అక్కాచెల్లెళ్ల సంఘం. దానికి గ్రీకు అక్షరాలు లేవు, ఒక అద్దె ఇల్లుంది. ఆ ఇంట్లో చదివిన దుర్గాబాయి తర్వాత మద్రాసులో లా చదివి, ఆంధ్ర మహిళా సభను పెంచి, రాజ్యాంగ సభలోని 15 మంది స్త్రీలలో ఒకరై కూర్చున్నారు. ఆ రాజ్యాంగం భారతదేశంలో ఆడవాళ్లందరికీ మొదటిరోజు నుంచే ఓటు ఇచ్చింది. అమెరికా నల్లజాతి స్త్రీలు 1913లో అడిగిన ఓటును దక్షిణాది రాష్ట్రాల్లో నిజంగా వెయ్యగలగడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. ఖతీఫ్ స్త్రీలు 2015 దాకా ఆగారు. మనకు ఇంత సులువుగా దొరికిందనుకుంటాం కానీ, వాల్తేరులో ఆ ఇంటి తలుపు తీసినవాళ్ల వల్ల కూడా అది దొరికింది.

హోవర్డ్ అమ్మాయిలు 22 పేర్లూ ఒప్పజెబుతారు. ఖతీఫ్‌లో పేరు కొట్టేసినా జనం మర్చిపోలేదు. వాల్తేరు హాస్టల్ గురించి ఎవరు మాట్లాడినా మన నోట దుర్గాబాయి పేరే వస్తుంది. ఆమెతో పాటు ఆ ప్రకటన చూసి, ఇంట్లో ఒప్పించి, పెట్టె సర్దుకుని రైలెక్కి వచ్చిన మిగతా అమ్మాయిల పేర్లు చెప్పుకోం. వాళ్లు గోదావరి, కృష్ణా, గుంటూరు, విశాఖ వైపు ఏ ఇళ్లలోనో అమ్మమ్మలుగా, నాయనమ్మలుగా బతికి ఉంటారు. 1930ల చివర్లో మీ ఇంటి ఆడమనిషి ఎవరైనా వాల్తేరులో చదివి ఉంటే పాత ట్రంకు పెట్టెలు తెరిచి చూడండి. సర్టిఫికెట్, గ్రూపు ఫొటో, ఒక ఉత్తరం, ఏది దొరికినా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పంపండి. విశ్వవిద్యాలయం వాళ్లూ అప్పటి అడ్మిషన్ రిజిస్టర్లు తీసి, ఆ పేర్లు రాయించి, ఆడపిల్లల హాస్టల్ గోడ మీద పెట్టాలి.